గడప దగ్గర అడగని మాట

మా గిడ్డమ్మ పెద్దమ్మ గురించి చెప్పాలంటే ముందు ఆమె నోటి గురించి చెప్పాలి. కల్లూరులో మా వీధి మలుపులో ఆమెకు ఉగ్గాని బండి ఉంది. బొరుగులు నానబెట్టి పిండడం, తాళింపు వేయడం, మిరపకాయ బజ్జీలు తీయడం అన్నీ చేతులు చూసుకుంటాయి. నోరు మాత్రం వచ్చినవాళ్ల సంగతులు కనుక్కుంటూనే ఉంటుంది. నీ కూతురికి కాన్పు ఎప్పుడు, నీ మగడు తాగుడు మానినాడా, ఈ చొక్కా ఎంతకు కొన్నావు, ఆ పొట్ట కొంచెం తగ్గించుకోరాదా. ఒక ప్లేటు ఉగ్గాని తిన్నవాడు ఇంటి గుట్టంతా కక్కకుండా చెయ్యి కడుక్కోలేడు. ఇన్ని అడిగే మనిషి ఒక్క మాట మాత్రం చచ్చినా అడగదు. ఇంట్లోంచి బయటికి కాలు పెట్టినవాళ్లను "యాడికి?" అని అడగదు.

ఈ పట్టింపు మా వైపు అందరికీ ఉన్నదే. గడప దాటేవాళ్లను ఎక్కడికని అడిగితే పోయిన పని కాదు. ఎవరైనా తెలియక అడిగితే, పోయేవాళ్లు వెనక్కి వచ్చి, చెప్పులు విడిచి, కాసేపు కూర్చుని, గ్లాసెడు నీళ్లు తాగి మళ్లీ బయల్దేరాలి. అందరికీ ఇది అలవాటు, మా పెద్దమ్మకు మాత్రం శాసనం. పెళ్లైన కొత్తలో, ఆలూరు పక్కన మా ఊళ్లో, ఈరప్ప పెదనాయన ఎద్దుల సంతకు బయల్దేరుతుంటే ఈమె మురిపెంగా "యాడికి పోతాండావు?" అని అడిగిందట. ఆయన నీళ్లు తాగకుండానే వెళ్లిపోయాడు. ఎద్దులు లేకుండా, కాలికి కట్టుతో తిరిగొచ్చాడు. అప్పటి నుంచి ఆ ఇంట్లో ఆ మాట లేదు. దీనివల్ల బాగుపడింది మాత్రం పెదనాయనే. బండల పాలిష్ ఫ్యాక్టరీలో పని ముగిశాక ఎవరి అరుగు మీద కూర్చుంటాడో, ఎక్కడ పేకాడతాడో అడిగే దిక్కు లేదు.

ఇలాంటి ఇంట్లోకి నీమా వచ్చింది.

నీమాది ఆఫ్రికాలోని టాంజానియా, డొడోమా అనే ఊరి పక్కన. అక్కడా మనలాగే వాన ముఖం చాటేసే నేల. జొన్న, సజ్జ, శెనక్కాయ పండిస్తారు. మెట్ట పంటల చదువుకని ఒక ఏడాది ఇక్కడి కాలేజీకి పంపించారు. హాస్టల్లో గది కుదరక, బయటి దేశాల పిల్లల బాగోగులు చూసే స్తుతి మేడం ఆ అమ్మాయిని మా పెద్దమ్మ మిద్దె మీది గదిలో దించి వెళ్లింది. నేను పక్కింట్లో ఉంటాను, ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. కాబట్టి ఆ ఏడాది జీతం లేని దుబాసీ ఉద్యోగం నాకే తగిలింది.

మొదటి రోజు పెద్దమ్మ, తింటుందో తినదో అని జంకుతూ రాగి సంగటి, శెనక్కాయలతో నూరిన ఊరిబిండి పచ్చడి పెట్టింది. ఆ పిల్ల సంగటి కొంచెం తుంచి, అరచేతిలో గుండ్రంగా చేసి, బొటనవేలితో మధ్యలో గుంట నొక్కి, ఆ గుంటతో ఊరిబిండి తోడుకుని నోట్లో వేసుకుంది. "ఉగాలి!" అంది, కళ్లు మెరుస్తుంటే. వాళ్ల ఇళ్లలో మొక్కజొన్న పిండితో చేసే ముద్దకు ఆ పేరట.

"శిల్పా, ఈ పాప మనూరిదే మే," అంది పెద్దమ్మ నాతో. "యాడో తప్పిపోయి ఆడ పుట్టిండాది."

ఆ తర్వాత వీధి పిల్లలు నీమా సన్నజడలు ముట్టుకుని చూడబోతే జల్లిగంటె పట్టుకుని తరిమింది.

నీమాకు తెలుగు మోజు ఎక్కువ. ఆటోలో ఎవరో అంటుంటే విని, తొలి వారమే ఒక వాక్యం పట్టుకొచ్చింది. పొద్దున్నే పెదనాయన క్యారియర్ తగిలించుకుని గడప దాటుతుంటే, మిద్దె మెట్ల మీంచి చక్కగా పలికింది: "పెదనాయనా, యాడికి పోతాండావు?"

పెదనాయన కొయ్యబారిపోయాడు. తర్వాత వెనక్కి తిరిగి, చెప్పులు విడిచి, చాప మీద కూర్చుని, పెద్దమ్మ తెచ్చిన నీళ్లు తాగి, మళ్లీ బయల్దేరాడు. తను పలకరిస్తే పెద్దాయన పని ఆపుకుని వచ్చి కూర్చున్నాడని నీమా తెగ పొంగిపోయింది. మర్నాడూ అడిగింది. ఆ మర్నాడూ అడిగింది. వారం తిరిగేసరికి ఫ్యాక్టరీలో మేస్త్రీ పెదనాయన్ని నిలబెట్టి కడిగేశాడు.

"శిల్పమ్మా, ఆ పాపకు నువ్వైనా చెప్పు తల్లీ," అని నా దగ్గరికి వచ్చాడు. "నీళ్లు తాగి తాగి నాకు కడుపుబ్బరం పట్టుకునింది."

పెదనాయన్ని అలా అడగొద్దు, ఆయనకు ఆలస్యమవుతుంది అని చెప్పి ఊరుకున్నాను. అది ఆయన ఒక్కడి చాదస్తం అనుకుంది నీమా. మిగతాది చెప్పాలని నాకు తోచనేలేదు. పుట్టినప్పటి నుంచీ ఉన్నదాన్ని ఎవరు మాత్రం కూర్చోబెట్టి వివరిస్తారు?

వారమంతా ఆ పిల్లకు కాలేజీ, పొలాలు, నోట్సు. పొద్దున బండి దగ్గర నిలబడి ఉగ్గాని తినడం, బాగా రద్దీగా ఉంటే బొరుగులు పిండి ఇవ్వడం. ఆదివారం వస్తే మాత్రం కాలు నిలవదు. కొండారెడ్డి బురుజు ఎక్కింది, ఓర్వకల్లు రాళ్ల మధ్య తిరిగింది, యాగంటి కోనేట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుంది, బట్టమేక పక్షి కనబడుతుందేమోనని రోళ్లపాడు గడ్డిలో ఎండంతా నెత్తికెక్కించుకుని వట్టి చేతులతో తిరిగొచ్చింది. కొన్నిటికి నేను వెళ్లాను, నా కాళ్లు పీకి చాలావాటికి తప్పించుకున్నాను.

ఇన్ని తిరుగుళ్లలో పెద్దమ్మ ఒక్కసారి కూడా ఎక్కడికని అడగలేదు. అడగకుండా తెలుసుకునే మార్గం కనిపెట్టింది. ఆదివారం పొద్దున నీమా కాళ్లవైపు చూసేది. చెప్పులైతే బజారు, షూ అయితే కొండ. షూతో పాటు టోపీ కూడా ఉంటే బస్సు దూరం. బజారుకైతే ఏమీ లేదు, కొండకైతే బొరుగులు, బస్సు దూరానికైతే జొన్న రొట్టెలు, శెనక్కాయల పొడి. మూట చేతిలో పెట్టి మాట్లాడకుండా లోపలికి పోయేది. ఆ మూటలోనే తన బెంగంతా కట్టి పంపుతున్నానని పెద్దమ్మ అనుకునేది. నీమా ఏమనుకునేదో మాకు ఆర్నెల్లకు గానీ తెలియలేదు.

జనవరిలో ఒక ఆదివారం షూ, టోపీ రెండూ వేసుకుని బయల్దేరింది. నాకు స్కూలు పని ఉండి నేను చూడలేదు. రొట్టెల మూట అందింది. సాయంత్రమైంది, పిల్ల రాలేదు. ఫోన్ చేస్తే స్విచ్ ఆఫ్. పెదనాయన స్కూటరేసుకుని బస్టాండంతా వెతికాడు. నేను స్తుతి మేడానికి ఫోన్ చేశాను. ఆవిడ మొట్టమొదట అడిగింది ఒక్కటే: "ఎక్కడికి వెళ్లింది?" నేను పెద్దమ్మ వైపు చూశాను. ఊరందరి కూపీలూ లాగే మనిషి దగ్గర ఆ ఒక్కదానికి జవాబు లేదు. ఆమె ముఖం అంత చిన్నబోవడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడు పొద్దున, షేర్ ఆటో దిగి, ఒక సంచి మోసుకుంటూ వచ్చింది నీమా. గండికోట వెళ్లిందట. పెన్నా లోయ చూస్తూ పొద్దు గుంకేదాకా కూర్చుండిపోయింది, జమ్మలమడుగు బస్సు పోయింది, ఫోన్‌లో ఛార్జింగ్ అయిపోయింది, మా నంబర్లేవీ నోటికి రావు. కోటలోని ఊళ్లోనే ఒక శెనక్కాయల రైతు ఇంట్లో అన్నం పెట్టి, ఇంటావిడ పక్కన పడుకోబెట్టారు. వచ్చేటప్పుడు సంచి నిండా శెనక్కాయలు ఇచ్చారు. పెద్దమ్మ ఆ పిల్ల వీపు మీద ఒక్కటి చరిచి, ఆ చేత్తోనే దగ్గరికి లాక్కుంది.

అంతలోనే స్తుతి మేడం దిగింది. "మీ ఇంట్లో ఉండే పిల్ల ఎక్కడికి పోయిందో మీకే తెలియకపోతే ఎలాగమ్మా? ఏమన్నా అయితే వాళ్ల దేశానికి ఏం చెప్పుకోవాలి? హాస్టల్లో గది ఖాళీ అయింది. ఈ వారమే మార్చేస్తాను."

"యాడికని అడిగితే మంచిది కాదు మేడం," అంది పెద్దమ్మ మెల్లగా.

"ఫోన్ చేసి అయినా కనుక్కోవచ్చు కదా?"

"దావలో అడిగినా అంతే గదా!"

మేడం నెత్తి కొట్టుకుంది. అప్పుడు నీమా నోరు విప్పింది. అప్పటికి ఆ పిల్ల తెలుగు మా తెలుగే.

"పెద్దమ్మా, ఆర్నెల్లు అయింది. ఒక్కసారి అడగలే నువ్వు. మా అమ్మ అయితే గుమ్మంలో నిలబెట్టి అడుగుతాది. యాడికి, ఎవరితో, ఎప్పుడొస్తావు అని. నువ్వు రొట్టెలు ఇచ్చి లోపలికి పోతావు. నేను యాడికి పోయినా నీకు ఏం లే అనుకున్యా. అందుకే నేనూ చెప్పలే."

పెద్దమ్మ నన్ను ముందుకు తోసింది. ఎద్దుల సంత, విరిగిన కాలు, నీళ్ల గ్లాసు అంతా నేనే చెప్పాను. నీమా ఈరప్ప పెదనాయన వైపు చూసింది. ఆయన సాక్ష్యంగా పంచె కొంచెం పైకి లాగి పాత దెబ్బ చూపించాడు. నీమాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి. మేడానికి ఏదీ రాలేదు. వచ్చే సోమవారం దాకా ఆలోచించుకోండి, అడగడం చేతకాదంటే పిల్లను తీసుకెళ్తాను అని చెప్పి వెళ్లిపోయింది.

ఆ వారం పెద్దమ్మ ఉగ్గానిలో ఒకసారి ఉప్పు మరిచిపోయింది, ఒకసారి రెండుసార్లు వేసింది. నీమాను పంపడం ఆమె వల్ల కాదు. గడప దగ్గర అడగడం అంతకన్నా కాదు. శనివారం రాత్రి సంగటి తిని చేతులు కడుక్కున్నాక, నీమాను చాప మీద కూర్చోబెట్టి, తను ఎదురుగా కూర్చుంది.

"రేపు యాడికి మే?"

నీమా అర్థం కాక నా వైపు చూసింది.

"ముందు రోజు అడిగితే దోషం ల్యా," అంది పెద్దమ్మ, పెద్ద ధర్మసందేహం తీర్చినట్టు. "కాలు బయట పెట్టేటప్పుడు అడిగితేనే. చెప్పు. ఏ బస్సు? ఎవరెవరు? ఆడ నీళ్లు ఉండాయా? ఆ డ్రైవరు పేరేంది?"

ఇక ఆపితే కదా. ఆర్నెల్లుగా మింగిన ప్రశ్నలన్నీ ఆ రాత్రి బయటికి వచ్చాయి. విన్నదంతా వెంటనే మేడానికి ఫోన్ చేసి అప్పజెప్పింది. మేడం హాస్టల్ మాట మళ్లీ ఎత్తలేదు. ప్రతి శనివారం ఇదే తంతు. ఈ అడగడంలో పెద్దమ్మకే ఆశ పుట్టి, నేనూ వస్తానని బయల్దేరడం మొదలుపెట్టింది. కడపలో కారం దోశ తిని, ఉగ్గాని ముందు ఇదేం లెక్క అని రెండోది చెప్పింది. గండికోటకు వెళ్లి ఆ రైతు ఇంటికి బొరుగుల మూట ఇచ్చి వచ్చింది. లోయ అంచున నిలబడి, "ఈ రాళ్లకోసమా ఇంత దూరం? మా ఆలూరులో రాళ్లు ల్యావా?" అంది. అన్నదే కానీ, బస్సుకు టైమైంది రమ్మంటే లేవలేదు. నేనూ నీమా చెరో రెక్క పట్టి లేపాల్సి వచ్చింది. యాభై దాటాక ఆమె చూసిన తొలి వింతలవి, చూపించింది టాంజానియా పిల్ల. ఇక్కడే పుట్టిన మాకు ఆ బుద్ధి పుట్టలేదు.

ఏడాది ఇట్టే గడిచిపోయింది. వెళ్లే ముందు రాత్రి అలవాటుగా నీమా చాప మీద కూర్చుని ఎదురుచూసింది. పెద్దమ్మ వంటింట్లో గిన్నెలు సర్దుతూనే ఉంది.

"పెద్దమ్మా, ఈపొద్దు అడగవా?"

"అంతా తెలిసిందే గదా. పండుకో పో."

పొద్దున హైదరాబాద్ ఎయిర్‌పోర్టుకు కారు వచ్చింది. సామాను ఎక్కించారు. పెదనాయన అప్పటికే రెండుసార్లు ముక్కు తుడుచుకుని, దుమ్ము అన్నాడు. పెద్దమ్మ రొట్టెల మూట నీమా చేతిలో పెట్టింది. ఈసారి లోపలికి పోలేదు. నీమా ఆమె కాళ్లకు దండం పెట్టి, గడప దాటి, షూ వేసుకుని, మెట్టు దిగి, కారు తలుపు తీసింది.

"యాడికి పాపా పోతాండావు?"

అందరం ఉలిక్కిపడ్డాం. ముప్పై ఏళ్లుగా ఆ ఇంటివాళ్ల నోట వినపడని మాట అది. అన్నది పెద్దమ్మే. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తప్పు చేసిన ముఖంతో కాదు, మొండి ముఖంతో నిలబడి ఉంది.

నీమా ఒక్క క్షణం ఆమెను చూసింది. తర్వాత కారు తలుపు మూసేసి, వెనక్కి వచ్చింది. లేసులు ఒక్కొక్కటే విప్పి, షూ పక్కన పెట్టి, లోపలికి వచ్చి చాప మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది.

పెద్దమ్మ నీళ్లకు వెళ్లింది. నాలుగడుగుల్లో ఉన్న కుండ దగ్గర నుంచి రావడానికి ఆమెకు చాలాసేపు పట్టింది. డ్రైవరు హారన్ కొట్టాడు. "ఉండప్పా, నీళ్లు తాగాల పాప," అని పెదనాయన వీధిలోకి కేకేశాడు.

నీమా గుక్క గుక్కగా, ఎంత నెమ్మదిగా తాగొచ్చో అంత నెమ్మదిగా తాగింది. గ్లాసు ఖాళీ అయ్యాక లేవలేదు.

"ఇంగో గ్లాసు, పెద్దమ్మా," అంది.