అది స్వల్ప అస్వస్థత కాదు

సభకు విచ్చేసిన గ్రామస్థులకు, బంధుమిత్రులకు నమస్కారములు. ఈ లేఖపై తేదీనీ ఊరి పేరునూ కావాలనే వేయలేదు. ఇది ఈ తాలూకాలో ఏ ఊరి సభలోనైనా చదవదగినదే.

మన పంచాయతీ మాజీ అధ్యక్షురాలు, మా పక్కింటి పెద్దమ్మగారు, మొన్న ఉదయం కన్నుమూశారు. రొమ్ము క్యాన్సర్‌తో కన్నుమూశారు. బస్టాండు దగ్గర కట్టిన ఫ్లెక్సీలో మాత్రం 'స్వల్ప అస్వస్థతతో' అని అచ్చయింది. జీవితమంతా బడిలో తెలుగు చెప్పినవాణ్ణి. ఆ విశేషణాన్నీ ఒప్పుకోను, ఆ నామవాచకాన్నీ ఒప్పుకోను.

ఎందుకలా వేయించావని ఆమె కుమారుణ్ణి అడిగాను.

"పాపకు సంబంధం కుదిరేటట్టుండాది అయ్వారూ. ఈ పేరు బయటికొస్తే, రేపు పిల్లకూ వస్తాదేమో అని వాళ్లు లేచిపోతారు" అన్నాడు.

తండ్రి భయాన్ని నేను తక్కువ చేయను. కానీ బతికుండగా ఆమె ఆ పేరును ఒక్కనాడూ దాచనివ్వలేదు.

అధ్యక్షురాలిగా ఉన్నప్పుడు ప్రసంగాలు నాచేతనే రాయించుకునేవారు. వేదిక ఎక్కాక ఆ కాగితాన్ని మడిచి రొంటిన దోపుకొని, తన మాటల్లోనే మాట్లాడేవారు. నేను నొచ్చుకునేవాణ్ణి, జనం చప్పట్లు కొట్టేవారు. మందులకు జుట్టు రాలినప్పుడు కోడలు విగ్గు కొని తెచ్చింది. కొద్ది రోజులు దాన్ని మోసి, ఆపై మిరపచేలో దిష్టిబొమ్మకు తొడిగించారు. "నాకు ఉడకపోస్తాది. దానికైతే సరిపోయింది" అన్నారు.

ఒకనాడు మోక నుంచి బళ్లారి వెళ్లే బస్సులో అత్తాకోడళ్లిద్దరూ ముందు సీటులో, నేను వారి వెనుక సీటులో ఉన్నాం. పక్కన నిలబడ్డ ఒకామె ఆ బోడితలను చూసి చేతులు జోడించింది.

"తిరుపతికి పోయొచ్చినావా అక్కా? లడ్డు యాడ?"

మన వైపు ఆడవారి గుండు కనిపిస్తే ఎవరికైనా తోచేది అదే. "ఆ, మొక్కుండె" అని కోడలు గబగబా అంది.

"ఏం మొక్కు? సామి నా జుట్టు అడగనే లేదమ్మా" అన్నారు పెద్దమ్మగారు. "క్యాన్సర్ మందుకు రాలిపాయ. రొమ్ములో గడ్డ లేసిండె. నీకు అట్లాంటిది చేతికి తగిలితే దాచిపెట్టుకోవద్దు."

మెల్లగా మాట్లాడమని కండక్టర్ కన్నడంలో గొణిగాడు: "మెల్లగె మాతాడ్రి అమ్మా."

"మెల్లగ ఏందప్పా? చిల్లర అడిగేటప్పుడు నువ్వు మెల్లగ అడుగుతాండావా?"

అందరూ నవ్వారు, కండక్టర్‌తో సహా. లడ్డు అడిగినావిడ మాత్రం నవ్వలేదు. ఆసుపత్రి దగ్గర పెద్దమ్మగారి వెంటే దిగిపోయింది.

మా వంటి చదువుకున్నవాళ్లం 'ఆ జబ్బు' అని నసిగితే ఆమెకు ఒళ్లు మండేది. "పేరు చెప్పకుంటే అది పోదు అయ్వారూ, మనిషి పోతాడు" అనేవారు. అంతటి మనిషి పొరుగున బతికినందుకు కృతజ్ఞుణ్ణి.

ఈ లేఖ రాస్తున్నానని తెలిసి, నిన్న సాయంత్రం ఆమె మనవరాలు మా ఇంటికి వచ్చింది. సంబంధం వారు కూడా సభకు వస్తున్నారట.

"దీన్ని చదివేదెవరు తాతా?"

"ఎవరు చదివినా మీ నాయన వద్దంటాడమ్మా."

"ఆయనకు నేను చెప్పుకుంటా. నేనే చదువుతా. లేచిపోయేవాళ్లు రేపే లేచిపోనీ. పెండ్లయినంక లేస్తే నాకు ఇంకా కష్టం గదా?"

కనుక సభానిర్వాహకులకు నా మనవి. సంబంధం వారికి మొదటి వరుసలో కుర్చీలు వేయండి. మైకును ఆ పిల్ల ఎత్తుకు దించండి. ఈ లేఖను ఆమెచేతనే, ఒక్క మాటా మింగకుండా, బయట రోడ్డు మీద నిలబడ్డవారికీ వినిపించేటట్టు చదివించండి.