నొప్పి లేని కురుపు

గురువారం ఉదయం ఏడో తరగతిలో హాజరు తీసుకుంటుంటే ఎమ్మిగనూరు నుంచి పెదనాయన ఫోన్ చేశాడు. బడి వేళల్లో ఆయన ఎప్పుడూ చేయడు. పుస్తకం మూసి వరండాలోకి వచ్చాను.

"పాపా, మీ పెద్దమ్మ పోయింది. పొద్దున కాపీ తాగింది. రవ్వంత సేపు పండుకుంటానని పండుకునింది, అంతే" అన్నాడు. "ఇంగ ఆమెకు బాధ లేదులే" అన్నాడు.

ఆదోని నుంచి బస్సులో వెళ్తూ నేను ఏడవలేదు. ఈ కబురు వస్తుందని రెండేళ్లుగా తెలుసు. తెలిసి ఎదురుచూసినందుకే సిగ్గుగా అనిపించింది.

ఆమె మా అమ్మకు అక్క. ఇంటర్ చదివిన రెండేళ్లూ నేను ఆమె ఇంట్లోనే ఉన్నాను. ఇంట్లో ఒక మగ్గం. పెదనాయన నేసేవాడు. మగ్గం మీది నిలువు పోగులు, అంటే పాత పడుగు, అయిపోయినప్పుడు దాని కొసలకు కొత్త పడుగు పోగులు ఒక్కొక్కటే మెలిపెట్టి అతికే పని పెద్దమ్మది. వేళ్లు జారకుండా పొయ్యిలో బూడిద అద్దుకునేది. వేల పోగులు, రోజంతా పని. మధ్యలో పలకరిస్తే తల ఎత్తకుండానే జవాబిచ్చేది. పక్క వీధుల నుంచి కూడా ఆమెనే పిలిచేవాళ్లు. ఎక్కడైనా ఒక పోగు తప్పితే దాన్ని పక్కకు నెట్టి పని కానిచ్చే రకం కాదు. "తెగిన పోగును దాసిపెడితే అది సీరంతా నడుస్తాది పాపా" అనేది. పరీక్షలో ఒక లెక్క రాక వదిలేశానని చెప్పినప్పుడు కూడా ఇదే మాట అంది.

నేను ఆదోని బడిలో టీచరుగా చేరాక, ఆమె కుడికంటి పై రెప్ప మీద మొదట జొన్నగింజంత కురుపు లేచింది. బూడిద చేత్తో కన్ను నలుపుకున్నానని తనను తానే తిట్టుకుంది. లవంగం అరగదీసి పెట్టింది. కొన్నాళ్లకు తగ్గింది. రెండు నెలలకు మళ్లీ లేచింది. ఈసారి ఊళ్లోనే ఒక చిన్న క్లినిక్కుకు తీసుకెళ్లాను. కొవ్వు గడ్డ, ఏం కాదన్నారు. రెప్ప తిప్పి చిన్న గాటు పెట్టి, లోపలిది గీకి తీశారు. తీసినదాన్ని దూదిలో తుడిచి బల్ల కింద బకెట్లో పడేశారు. నేను పక్కనే ఉన్నాను. దాన్ని పరీక్షకు పంపాలని నాకు తెలియదు. వాళ్లకు తెలియాల్సింది.

మూడోసారి అది అదే చోట లేచింది. ఎర్రగా లేదు, సలపడం లేదు. కొంచెం పసుపుపచ్చగా, గట్టిగా ఉండింది.

"నొప్పే లేదు పాపా, దీనికి మళ్లా ఆస్పత్రికి యాల?" అంది.

ఆ నెలలోనే మా ఇంట్లో ఒక పెళ్లి. ఆమెకు కాటుక పెడుతూ చూశాను. గడ్డ ఉన్నంత మేర రెప్పకు వెంట్రుకలు లేవు, ఎవరో పీకేసినట్టు. ఒక్క క్షణం చేయి ఆగింది. వయసుకు రాలిపోతాయిలే అనుకుని కాటుక దిద్దేశాను. అద్దంలో ఆమె నన్ను చూసి నవ్వింది.

తర్వాత ఆదోనిలో మా బడిలోనే కంటి వైద్య శిబిరం పెట్టారు. కళ్లజోడు కోసమని ఆమెను రప్పించాను. ఒక చిన్న వయసు డాక్టరమ్మ టార్చి వేసి రెప్ప తిప్పి చూసింది. టార్చి ఇంకా దగ్గరికి తెచ్చి మళ్లీ చూసింది.

"ఎన్నోసారి వచ్చిందమ్మా?"

"మూడోసారి."

"ఇదే చోటా?"

"ఈడనే."

డాక్టరమ్మ నా వైపు తిరిగింది. "ఇది మామూలు కురుపు కాకపోవచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి. వెంటనే కర్నూలు తీసుకెళ్లండి."

తీసుకెళ్లాం. రెప్పలో కొవ్వుగ్రంథులు ఉంటాయట, వాటిలో పుట్టే క్యాన్సర్ అది. కురుపులాగే కనిపిస్తుందట. ఇప్పుడైతే రెప్ప వరకు కోసి సరిచేయొచ్చు, కన్ను దక్కే అవకాశం ఉందన్నారు.

వచ్చే వారమే చేరమన్నారు. ఆమె వెళ్లలేదు. మగ్గం మీద పెళ్లిచీర సగంలో ఉందంది. అది దిగాక, శ్రావణం వెళ్లాక చూద్దామంది. నేను ఒకసారి గట్టిగా పోట్లాడాను. మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఏడు వారాలు గడిచాయి.

ఒక ఆదివారం మధ్యాహ్నం చెప్పకుండా వెళ్లాను. పెదనాయన లేడు. పెద్దమ్మ మగ్గం ముందు కూర్చుని, కొంగుతో కుడికన్ను కట్టుకుని ఉంది. ఎడమకంటితో మాత్రమే చూస్తూ పోగు అతకడానికి ప్రయత్నిస్తోంది. కొస అందడం లేదు. వేళ్లు పోగుకు ఇవతలే గాలిలో మెలిపెడుతున్నాయి. మళ్లీ, మళ్లీ. ఆమె ఆగింది చీర కోసం కాదని అప్పుడు అర్థమైంది. కన్ను పోతుందని ముందే నమ్మేసి, ఒంటికంటితో పని అలవాటు చేసుకుంటోంది. నేను వచ్చినట్టు తెలియనివ్వకుండా వీధిలోకి వెళ్లి, గడప దగ్గర నుంచి గట్టిగా పిలిచాను. లోపలికి వెళ్లేసరికి కొంగు విప్పేసి ఉంది.

మరుసటి రోజే కర్నూలుకు ప్రయాణం కట్టించాను. అప్పటికే అది రెప్ప దాటి వెనక్కి పాకింది. రెప్పలు, కన్ను, చుట్టూ ఉన్న కండ మొత్తం తీసేయాల్సి వచ్చింది.

ఇంటికి వచ్చాక కట్టు మార్చే పని నాకు పడింది. మొదటిరోజు నేను గోడ వైపు చూస్తూ మారుస్తున్నాను. ఆమె నా మణికట్టు పట్టుకుంది. "బయపడకుండా సూడు పాపా. నువ్వు సూస్తే నేనూ అద్దంలో సూసుకుంటా" అంది. చూశాను. తర్వాత ఆమె అద్దం అడిగి తీసుకుని, చాలాసేపు చూసుకుని, "అంతే కదా" అని అద్దం బోర్లించింది.

ఆ తర్వాతి శ్రావణంలో ఉరుకుంద జాతరకు వెళ్లాం. కన్ను తీసిన గుంట మీద దూది, పైన నల్లద్దాలు. దర్శనం వరుసలో మా ముందు ఆలూరు వైపు పల్లె నుంచి వచ్చిన ఒక ఆమె, నలభై ఏళ్లుంటాయి, పత్తి చేలల్లో కూలి పనికి పోతుందట. పెద్దమ్మ ఆమె ముఖం వంక అదేపనిగా చూస్తోంది.

"ఏమ్మా, కంటికేమైండాది?"

"కురుపులేమ్మా. పోతాది, మళ్లా వస్తాది."

"నొస్తాదా?"

"నొప్పేం లేదు."

పెద్దమ్మ అద్దాలు తీసింది. దూది కూడా తీసింది. వెనక ఎవరో "అయ్యో స్వామీ" అన్నారు. వరుస ఒక్కసారిగా చెదిరింది.

"నాది గూడా కురుపేనమ్మా. నాదీ నొప్పి ల్యాకుండె" అంది పెద్దమ్మ.

ఆ పల్లె ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని జనంలోకి వెళ్లిపోయింది. కానీ అంతకుముందే మాటల్లో తన ఊరి పేరు చెప్పింది. పది రోజుల తర్వాత పెద్దమ్మ నన్ను వెంటబెట్టుకుని ఆలూరుకు బస్సులోను, అక్కడి నుంచి షేర్ ఆటోలోను ఆ పల్లెకు వెళ్లింది. ఆ పల్లె ఆమె భర్త వాకిట్లోనే అడ్డం నిలబడ్డాడు.

"జాతరలో పాడు ముకం సూపించి బయపెట్టింది నువ్వేనా? మా ఇంటికి రావొద్దు, పో."

"నా ముకం సూడొద్దప్పా. నీ పెండ్లాం ముకం సూడు. ఆ రెప్పకు ఎంటికలు ఉండాయేమో సూడు."

అతడు తలుపు వేశాడు. పెద్దమ్మ ఎదురింటి అరుగు మీద కూర్చుంది. ఎండ నడినెత్తికి వచ్చింది. నేను పోదామంటే, "నొప్పి లేని కురుపును నమ్మగూడదు పాపా. నేను నమ్మినా" అంది. ఇంకా చాలాసేపటికి తలుపు తెరుచుకుంది. ఆమె బయటికి వచ్చింది. వెనకే అతడూ వచ్చాడు, కండువా పిసుక్కుంటూ. "మా ఆమెకు ఎంటికలు ల్యావు" అన్నాడు.

కర్నూలులో వాళ్లను మేమే దగ్గరుండి చూపించాం. అదే జబ్బు, ఇంకా రెప్ప దాటలేదు. రెప్ప వరకు కోసి సరిచేశారు. ఆపరేషన్ గది బయట బెంచీ మీద కూర్చున్నప్పుడు డాక్టరు వచ్చి కన్ను దక్కిందని చెప్పాడు. పెద్దమ్మ ఆయనకు దండం పెట్టింది. ఆయన వెళ్లాక నా చేయి తీసుకుని తన కుడిచెవి ముందర పెట్టింది. చర్మం కింద చింతగింజంత గట్టిగా తగిలింది.

"ఎప్పటి నుంచి?"

"జాతరకు ముందునుంచి."

"నొప్పిగా ఉందా పెద్దమ్మా?"

ఆమె తల అడ్డంగా ఊపింది.

ఆ తర్వాత ఎన్ని మందులు వాడినా ఆ జబ్బు మెడలోకి దిగింది, అక్కడి నుంచి ఊపిరితిత్తులకు చేరింది.

పెద్దమ్మ పోయిన పదకొండో రోజున ఆ పల్లె ఆమె, భర్త వచ్చారు. కోసి సరిచేసిన చోట ఆమె రెప్ప కొంచెం వాలి ఉంది, అంతే. గోడకు ఆనించి పెట్టిన ఫొటో పాతది. కర్నూలు వెళ్లకముందు, రెండు కళ్లూ ఉన్నప్పుడు, ఎవరి పెళ్లిలోనో తీసింది. ఆమె దాని ముందు నిలబడి, నమస్కరించబోయి ఆగింది. అటూ ఇటూ చూసి నెమ్మదిగా నన్ను అడిగింది.

"ఈయమ్మ ఎవరు?"

"మా పెద్దమ్మే" అన్నాను. ఆమె మళ్లీ ఫొటో వైపు తిరిగింది. కాసేపు చూసి, అరచేయి చాచి ఫొటో అద్దం మీద పెద్దమ్మ కుడికన్నును మూసింది. అలాగే నిలబడిపోయింది. ఆమె రెండు కళ్లలోంచీ నీళ్లు కారుతున్నాయి.