వదిన దవడ, దంతవైద్యుడి ప్రార్థన

ముందుగా, నోటిని చేసిన దేవునికి స్తోత్రం. రొట్టె నమిలే పళ్లను, చల్లని నీళ్లను గుర్తుపట్టే నాలుకను, తన పేరు పలికే పెదవులను ఇచ్చిన ప్రభువుకు మహిమ. ఇది రాయడానికి ఇన్నాళ్లూ భయపడ్డాను. ఆ భయంలోనూ ఆయన నన్ను విడువలేదు.

రెండువేల సంవత్సరం దాటి కొన్నేళ్లయిన కాలం అది. అప్పుడు మేము గద్వాలలో ఉండేవాళ్లం. మా సంఘం చిన్నది. పాస్టరు లేడు, పెద్దలైన సహోదరులే వాక్యం చెబుతారు, ఆదివారం ప్రభువు జ్ఞాపకార్థం రొట్టె విరుస్తారు. స్త్రీలు ముసుగు వేసుకుని వింటారు, కూడికలో నోరు విప్పరు. చిన్నప్పటి నుంచి నేను అలాగే నేర్చుకున్నాను. ఆ పెద్దల్లో ఒకాయన పళ్ల డాక్టరు. మా అందరి పళ్లూ ఆయనే చూసేవాడు.

మా అన్న భార్యకు, అంటే మా వదినకు, కింది దవడ పన్ను పీకింది ఆయనే. మర్నాటికి చెంప వాచింది. తర్వాత వాపు మెడకు దిగింది. నోట్లో చెంచా కూడా పట్టేది కాదు. ఆయన రోజూ సాయంత్రం మా ఇంటికి వచ్చి, మంచం పక్కన మోకరించి, ఆ చెంప మీదే చెయ్యి పెట్టి ప్రార్థించేవాడు. చెయ్యి ఆనగానే వదిన కాళ్లు ముడుచుకునేవి. వేరే దవాఖానకు తీసుకుపోతానని అన్న అంటే, వాళ్లు మళ్లీ కెలుకుతారని, విశ్వాసంతో ఓపిక పట్టమని చెప్పేవాడు. మేము ఆమేన్ అనేవాళ్లం.

చివరికి మంచినీళ్లు కూడా దిగకపోయేసరికి కర్నూలుకు తీసుకెళ్లాం. అక్కడ చూస్తే, పన్ను వేరు విరిగి లోపలే ఉండిపోయింది. చీము ఎముకకు పట్టింది. దవడ ఎముకలో కొంత తీసేశారు. వదిన బతికింది కానీ కింది పెదవికి స్పర్శ పోయింది. గంజి గడ్డం మీదుగా కారుతున్నా ఆమెకు తెలిసేది కాదు. వేరు విరిగితే పీకినవాడికి అప్పుడే తెలుస్తుందని, తెలిసీ చెప్పకపోవడమే తప్పని అక్కడి డాక్టరు అన్నాడు. పళ్ల డాక్టర్లకు అనుమతులిచ్చే కౌన్సిల్ హైదరాబాదులో ఉందని, వాళ్లకు ఫిర్యాదు పెట్టుకోవచ్చని కూడా చెప్పాడు.

ఇంటికి వచ్చాక వెళ్లిన మొదటి కూడికలోనే ఒక ప్రకటన విన్నాం. వేరుశనగ పనులు అయిపోగానే మా పక్కనున్న ధరూర్ ప్రార్థన మందిరం దగ్గర ఉచిత దంత శిబిరం పెడతారట. పళ్లు పీకేది ఆయనే. వదిన నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ శిబిరం లోపు ఆయన్ను ఆపాలి. ఆ రోజు నుంచి ఆమెకు ఇంకో ఆలోచన లేదు.

ఫిర్యాదు వెంటనే పంపుదామన్నాను. ఆమె ఒప్పుకోలేదు. తప్పు చేసిన సహోదరుడి దగ్గరికి ముందు ఒంటరిగా పోవాలి, వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని పోవాలి, అప్పటికీ వినకపోతే సంఘానికి చెప్పాలి. మాకు నేర్పిన క్రమం ఇది.

ముందు వదిన ఒంటరిగా ఆయన దవాఖానకు వెళ్లి వచ్చింది. ఆయన ఆమెను రోగుల కుర్చీలోనే కూర్చోబెట్టాడట. కుశలం అడుగుతూనే కాలితో మీట నొక్కి కుర్చీని వెనక్కి వాల్చాడట.

"మీద లైటేసిండు. నేను అడగవోయిన మాటే మరిచిపోయిన" అంది వదిన.

రెండోసారి నేనూ, సంఘ పెద్ద ఒకాయన భార్యా వెంట వెళ్లాం. ఆయన మాకు టీ తెప్పించాడు. వదిన చెప్పిందంతా తలూపుతూ విన్నాడు.

"దేవుని పని జరుగుతుంటే సాతాను గిట్లనే ఇంట్ల ఆడోళ్లను లేపుతడు సిస్టర్. జర జాగ్రత్త" అన్నాడు.

ఇక సంఘానికి చెప్పాలి. అక్కడ మాట్లాడే వీలు ఆమెకు లేదు, నాకూ లేదు. అన్నే చెప్పాలి. ఆదివారం అన్న లేచి నిలబడ్డాడు. డాక్టరు ముందు వరుసలోంచి తల తిప్పి చూశాడు. అన్న పుస్తకం తెరిచి, ఒక పాట నంబరు చెప్పి కూర్చున్నాడు. అందరం పాడాం. వదిన పాడలేదు.

మర్నాడు వదినా నేనూ వనపర్తికి బస్సెక్కి, ఒక వకీలు చేత ఫిర్యాదు రాయించి, రిజిస్టర్ పోస్టులో పంపాం. డాక్టరు సమాధానం తీసుకున్నాక విచారణకు పిలుస్తామని కౌన్సిల్ నుంచి ఉత్తరం వచ్చింది. అది న్యాయమే. కానీ శిబిరం ఆ విచారణ కంటే ముందు వచ్చింది.

మందిరం ముందు షామియానా వేశారు. చుట్టుపక్కల ఊళ్ల ఆడవాళ్లు ఆటోల్లో దిగుతున్నారు. వదిన వెళ్లి ముందు బెంచీ మీద కూర్చుని గడ్డం మీది కొంగు తీసేసింది. పక్కనున్న ముసలామె ఆ దవడ చూసి ఏమైందని అడిగింది.

"ఈ డాక్టర్ సారే పన్ను పీకిండు పెద్దమ్మ. నొప్పుంటే కర్నూలుకు పో. ఆ కుర్చీల మాత్రం కూసోకు."

ముసలామె లేవబోయింది. అంతలో డాక్టరు చేతి తొడుగులతోనే వచ్చి, వదిన తల మీద చెయ్యి పెట్టి, ఈ సహోదరిని స్వస్థపరచుమని గట్టిగా ప్రార్థన మొదలుపెట్టాడు. అందరూ తలలు వంచి కళ్లు మూసుకున్నారు. నేనూ మూసుకున్నాను. ఆమేన్ అని తెరిచేసరికి, వదిన ఆయన వైపే చూస్తూ ఉంది. ఎవరో ముసలామెను చెయ్యి పట్టుకుని కుర్చీ దగ్గరికి తీసుకుపోతున్నారు.

మరుసటి ఏడాది హైదరాబాదులో విచారణ జరిగింది. బల్ల వెనుక కూర్చున్న పెద్దమనుషులు వదినను చెప్పమన్నారు. ఆమె నిలబడి, ముసుగు సర్దుకుని, గడ్డం తుడుచుకుంటూ అంతా చెప్పింది. అర్థం కాని మాటలు మళ్లీ అడిగి రాసుకున్నారు. కొంతకాలం ఆయన వైద్యం చేయకూడదని తేల్చారు.

ఆ కొంతకాలం అయిపోయింది. నాగర్‌కర్నూల్‌లో ఆయన బోర్డు చూశానని, అక్కడి సంఘంలోనూ ముందు వరుసలోనే కూర్చుంటున్నాడని ఒక సహోదరి చెప్పింది. అక్కడికి దగ్గర్లో తిమ్మాజిపేటలోని మా చుట్టాలకు, ఆయన దగ్గరికి పోవద్దని వదిన ఫోను చేసింది. మిగతావాళ్లకు ఎవరు చెబుతారో తెలియదు. ఆ ముసలామె పేరు కూడా మేము అడగలేదు.

ఇది చదివే విశ్వాసులారా, ఆ ముసలామె కోసం, ఈరోజు ఆ వాల్చిన కుర్చీలో ఉన్నవారి కోసం నాతో కలిసి ప్రార్థించండి. కళ్లు మాత్రం మూసుకోకండి.