ముప్పై అయిదో తలకాయ

మెడలో విజిల్, చేతిలో కాగితం ఉంటే ఎంతమందినైనా ఎక్కడికైనా నడిపించవచ్చని నేను మనస్ఫూర్తిగా నమ్మిన రోజులవి. మన రాష్ట్రం వచ్చి ఎక్కువ కాలం కాలేదు. నాకు ఇరవై రెండేళ్లు. డిగ్రీ ఒక్క సబ్జెక్టు దగ్గర ఆగిపోయి ఉంది (ఆ ఒక్కటీ ఒక్కటి కాదని ఇంట్లో ఇప్పటికీ తెలియదు). మోత్కూరు నుంచి యాత్రలకు బస్సు నడిపే మా మేనమామ నా ఖాళీ తిరుగుడు చూడలేక కాశీ, నేపాల్ యాత్రకు నన్ను గైడుగా పంపించాడు. అంతకుముందు నేను తిరిగిన దూరదేశం యాదగిరిగుట్ట. సరిగ్గా అప్పుడే నేపాల్ సరిహద్దు పట్నాల్లో గొడవలు మొదలయ్యాయి. బందులు, ఊరేగింపులు, పోలీసు పహారా. టీవీలో చూపించింది చూసి మామ ఎనిమిది జాగ్రత్తలు ఒక కాగితం మీద రాసి నా జేబులో పెట్టి, "అల్లుడా, ముప్పై నాలుగు మంది ముసలోళ్లు. ఒక్కరు తక్కువొచ్చినా నువ్వు మోత్కూరు మొకం జూడొద్దు" అన్నాడు. నేను బస్సు మెట్టు మీద నిలబడి, సాగనంపడానికి వచ్చిన కొడుకులు, కోడళ్లందరూ వినేటట్టు అందరినీ క్షేమంగా తెచ్చి అప్పజెబుతానని మైకులో మాటిచ్చాను. మా అమ్మ ఒక పక్కన నిలబడి కళ్లు తుడుచుకుంది. గర్వంతో అనుకున్నాను. భయంతో అని తర్వాత తెలిసింది.

ఆ కాగితాన్ని రోజూ పొద్దున బస్సు కదలగానే మైకులో చదివేవాణ్ని. గుంపుగా నిలబడొద్దు, ఊరేగింపుల దరిదాపులకు పోవద్దు, నినాదాలు చేయొద్దు, అక్కడి రాజకీయాలు మాట్లాడొద్దు, ఓటరు కార్డు ఒంటి మీదే ఉంచుకోవాలి, ఇట్లా. ఎనిమిదోది పూర్తవగానే వెనక సీట్లోంచి గొర్ల అవ్వ, "అయిపోయిందా పిలగా కథ? ఇగ అక్షింతలు ఏసుకోవాల్నా?" అని అడిగేది. బస్సంతా నవ్వు. ఆమెకు ఊళ్లో నూట ఇరవై గొర్లున్నాయి, వాటిని కోడలికి అప్పజెప్పి వచ్చింది. అందుకని అందరికీ ఆమె గొర్ల అవ్వ. ఎక్కడ బస్సు దిగినా ఎక్కినా నేను పేర్ల పట్టీ పట్టుకుని ఒక్కొక్కరినీ పిలిచి లెక్క చూసుకునేవాణ్ని. ఆమె మాత్రం తలుపు దగ్గర నిలబడి, గొర్లు దొడ్లోకి పోతుంటే చూసినట్టు ఒక్క చూపు చూసి, "ముప్పై అయిదు. సరిపోయిన్రు" అనేది. ముప్పై నాలుగే అవ్వా అని నేను, కాదు ముప్పై అయిదని ఆమె. డ్రైవరు, వంటాయన బస్సును విడిచి ఎటూ పోరు కాబట్టి వాళ్లు ఇద్దరి లెక్కలోనూ లేరు. పాపం, చదువు లేదు, ఎక్కడో ఒకరిని రెండుసార్లు లెక్కపెడుతోందని జాలిపడి ఊరుకునేవాణ్ని.

పశుపతినాథుడి దర్శనం బాగానే అయింది. తిరుగు ప్రయాణంలో, సరిహద్దు గేటు ఇంకో మైలున్నర ఉందనగా పోలీసులు బస్సును ఆపేశారు. పట్నమంతా బందు. వాహనాలు కదలకూడదు, నడిచిపోయేవాళ్లు పోవచ్చు. మా డ్రైవరు చాచాది నల్లగొండ. ఏటా యాత్రికుల్ని ఈ దారిన తీసుకొస్తాడు, ఉర్దూ వచ్చు కాబట్టి మా అందరికీ నోరు ఆయనే. ఆయన కిందికి దిగి విచారించి వచ్చి, "బేటా, జర ఓపిక పట్టు. రేపటికి బండిని ఇడుస్తరు. ఫికర్ చేయకు" అన్నాడు. ఆ ముక్క విని ఊరుకుంటే ఈ కథే లేదు. పక్క బస్సులో ఎవరో గేటు సాయంత్రానికి మూసేస్తారట, వారం దాకా తెరవరట అన్నారు. నాకు మామ మొహం, మోత్కూరు మొహం రెండూ కళ్ల ముందు తిరిగాయి. వెంటనే అందరినీ దింపి ఇద్దరిద్దరు చొప్పున వరుస కట్టించాను. ఎవరూ తప్పిపోకుండా గుర్తుండాలని బస్సు పరదా కర్రకు పసుపు గుడ్డ కట్టి పైకెత్తి, విజిల్ ఊది ముందు నడిచాను.

షాపులన్నీ మూసి ఉన్నాయి. రోడ్డు మీద మేము తప్ప మనిషి లేడు. అంత నిశ్శబ్దానికి ముసలోళ్లు బెదురుతున్నారని నేనే ధైర్యం కోసం "యాదగిరి నర్సన్నకు" అని అరిచాను. ముప్పై నాలుగు చేతులు లేచి "గోవిందా" అన్నాయి. సందుల్లోంచి పదిమంది కుర్రాళ్లు బయటికొచ్చి మా వెనక చేరి, వాళ్ల భాషలో వాళ్లూ ఏదో గట్టిగా అరవసాగారు. అతిథుల్ని సాగనంపుతున్నారని పొంగిపోయాను (ఇంత తెలివి ఉన్నవాడికి డిగ్రీ ఎందుకు ఆగిందో మీరే ఆలోచించండి). ఇంకో వంద అడుగులు వేశామో లేదో, పోలీసు జీపు వచ్చి అడ్డంగా ఆగింది. కుర్రాళ్లు మాయమయ్యారు. మిగిలినవాళ్లంతా డెబ్బై ఏళ్లవాళ్లు. జెండా, విజిల్, వయసు ఉన్నవాణ్ని నేనొక్కణ్నే. నాయకుడెవరని వాళ్లు ఎవరినీ అడగలేదు.

పోలీసు చౌకీలో పెద్ద అధికారి నా జేబు వెతికి మామ కాగితం బయటికి తీశాడు. తెలియని లిపిలో ఒకటి నుంచి ఎనిమిది దాకా అంకెలేసి రాసిన కాగితం. ఆయన కనుబొమలు పైకి లేచాయి. చాచా పరుగెత్తుకొచ్చి, ఇవి జాగ్రత్తలు సాబ్ అని ఒక్కొక్కటీ చదివి చెప్పాడు. "ఒకటి, గుంపుగా నిలబడొద్దు." అధికారి కిటికీలోంచి చూశాడు. మావాళ్లంతా చౌకీ ముందు గుంపుగా బైఠాయించి ఉన్నారు. "రెండు, ఊరేగింపుల దగ్గరికి పోవద్దు." ఆయన మూలనున్న నా జెండాను చూశాడు. "మూడు, నినాదాలు చేయొద్దు." అప్పుడే బయట "గోవిందా" అని వినిపించింది. చాచా నాలుగోది చదవకుండా కాగితం మడిచేశాడు. దాచడం దేనికి, ఏడ్చాను. ముప్పై నాలుగు మందిని పరాయి దేశంలో రోడ్డు మీద కూర్చోబెట్టి నేను జైలుకు పోతే వాళ్ల గతేమిటి?

వాళ్ల గతి ఏమీ చెడలేదు. వంటాయన పొద్దున కలిపిన పులిహోర డేగిశాను, ఇద్దరి సాయంతో బస్సు నుంచి మోయించుకొచ్చింది గొర్ల అవ్వ. కానిస్టేబుల్ వద్దంటుంటే, "రాష్ట్రం కోసం రోడ్ల మీద పొయ్యిలు వెట్టి వంటలు జేసినోళ్లం, మాకు బందు నేర్పుతవా బిడ్డా? ముందుగాల తిను" అని ఆకు చేతిలో పెట్టింది. బందు పుణ్యమా అని హోటళ్లు మూసి, పొద్దుటి నుంచి ఉత్త మంచినీళ్ల మీదున్న పోలీసులు వాళ్లు. ఒకరి తర్వాత ఒకరు వరుసలో నిలబడ్డారు (ఆ వరుసకు జెండా అవసరం పడలేదు). చివరికి పెద్ద అధికారి కూడా వేళ్లు నాకుతూ, వీడికి పూచీ ఎవరని చాచాను అడిగాడు. చాచా తెలుగులో చెప్పకముందే అవ్వ చెయ్యెత్తింది. "నేనే సారూ. మా పిలగాడే. జర తొందరెక్కువ, గంతే." కాగితం మీద వేలిముద్ర వేసి నన్ను విడిపించుకుంది.

జెండా అక్కడే ఉంచుకున్నారు. ముగ్గురూ నలుగురూ చొప్పున, చప్పుడు చేయకుండా, ఎడం ఎడంగా పోవాలని అధికారి చెప్పాడు. మామ కాగితంలో ఉన్నదీ అదే. అవ్వ అందరికంటే వెనక నడిచింది. గొర్లు కాసేవాళ్లు వెనక ఉండాలట, ముందుంటే తప్పిపోయింది కనబడదట. గేటు దాటగానే ఒక్క చూపు చూసి, "ముప్పై అయిదు" అంది. ఈసారి నేను పేర్ల పట్టీ మడిచి జేబులో పెట్టుకున్నాను. మర్నాడు బస్సు విడుదలైంది, మళ్లీ ఎక్కాం.

మోత్కూరులో దిగేసరికి అందరి కొడుకులూ వచ్చారు. నేను మైకు అందుకుని, ఇచ్చిన మాట నిలబెట్టుకున్నానని చెప్పబోతుంటే గొర్ల అవ్వ నా మణికట్టు పట్టుకుని జనంలోంచి మా అమ్మ దగ్గరికి లాక్కుపోయింది. నా చెయ్యి అమ్మ చేతిలో పెట్టి, "ఇగో బిడ్డా, పోయేనాడు నువ్వు ఏడ్సినవ్ గదా. నీ కొడుకును పైలంగ తెచ్చిన. మందల గీ ఒక్కడే ఎటువడితే అటు పోతడు, దినాం లెక్కవెట్టుకుంట వచ్చిన" అంది. ముప్పై అయిదో తలకాయ ఎవరిదో అప్పుడు అర్థమైంది.

అవ్వ పోయి ఆరేళ్లయింది. ఇప్పుడు బస్సు నాదే, కాగితమూ నేనే రాస్తున్నాను, ఎక్కడ గొడవలని వార్త వచ్చినా దానికి ఒక వరుస కలుపుతుంటాను. ఈ మధ్య మైకులో చదువుతుంటే వెనక సీట్లో ఎవరూ అక్షింతలు అడగరు, అది మాత్రం బాధగా ఉంటుంది. విజిల్ మానేశాను. బస్సు కదిలేముందు తలుపు దగ్గర నిలబడి అందరినీ ఒక్క చూపు చూసి లెక్కపెడతాను. ఎప్పుడూ ఒకటి తక్కువే వస్తుంది. ఇంత వయసొచ్చినా ఆ ఒక్కణ్ని లెక్కపెట్టడం నాకు చేతకావడం లేదు. అది ఆమె పనే.