పాయ మధ్యలో ఊడిన గొట్టం

యుద్ధం ముగిశాక మిలిటరీ వాళ్లు వేలం వేసిన లారీని మా వారు కొన్నారు. అప్పటికి నేను కొత్తపేటకి కాపురానికొచ్చి ఏడాది. పొద్దున్నే ఆయన నాకంటే ముందు దాన్నే పలకరించేవారు.

లంకల్లోంచి కొబ్బరికాయలు తేవాలంటే లారీని నీళ్లలోంచే నడిపి గోదావరి పాయ దాటాలి. ఇరుసుకి గాలాడే రంధ్రం నీళ్లలో మునిగితే లోపలి నూనె పాడవుతుందట. అందుకని దానికి పొడుగాటి రబ్బరు గొట్టం తగిలించి, సీటు వెనక ఎత్తుగా కట్టారు. నాకు పూలు తేవడం మాత్రం గుర్తుండేది కాదు.

ఓ వేసవిలో లంకలోని మా పుట్టింటికి ఆ లారీలోనే బయల్దేరాం. పాయ మధ్యలో గొట్టం కట్టు ఊడిపోయింది. నీళ్లు లోపలికొచ్చి నా మొహాన చిమ్మాయి.

"ఏవండీ, మునిగిపోతామండీ!" అని అరిచాను.

"ముందా గొట్టం పైకెత్తి పట్టుకోవే!" అన్నారాయన.

ఏడుస్తూనే రెండు చేతులతో ఎత్తి పట్టుకున్నాను. పట్టుచీర తడిసి ముద్దయింది. ఎలాగో ఒడ్డెక్కాం.

"లోపలికి నీళ్లేమైనా పోయేయా?" అని ఆదుర్దాగా అడిగారు.

నేను కరిగిపోయాను. "లేదండీ, ఒక్క గుక్క కూడా మింగలేదు."

"నీ లోపలికి కాదే, గొట్టంలోకి!"

ఆ లారీ అమ్మేసి చాలా కాలమైంది. ఇప్పటికీ దారిలో అలాంటిది కనిపించి మా వారు తల తిప్పి చూస్తే, నాకు ఒళ్లు మండిపోతుంది.