మేం బట్టలుతికే బండ

మా అత్తవారింట్లో మామ ఎదుట కోడలు నోరు విప్పకూడదు. ఏదైనా చెప్పాలంటే అత్త చెవిలో వెయ్యాలి, అత్త తన మొగుడికి చెబుతుంది. ఇంట్లో ఉప్పు అయిపోయిందని చెప్పడానికి ఈ పద్ధతి బాగానే పనికొస్తుంది. మొసలి సంగతికి పనికిరాలేదు.

కర్ణాటకలోని మా ఊరి దగ్గర కృష్ణ ఒడ్డున మొసళ్లు ఎక్కువయ్యాయని, మొసలి రాకుండా ఒక రేవులో నీళ్లలోకి ఇనుప జాలీ కట్టిస్తామని, ఎక్కడ కట్టాలో ఊరివాళ్లే చెప్పాలని ఫారెస్టు సారు పంచాయతీ కచేరిలో సభ పెట్టాడు. ప్రజల మాట వినకుండా ఏమీ చెయ్యరట. ఆడవాళ్లు కూడా రావాలన్నారు. వెళ్లాం, కొంగులు తలమీదికి లాక్కుని గోడవారన బుద్ధిగా కూర్చున్నాం.

మొసలి ఎక్కడ కనబడుతుందని సారు కన్నడంలో అడిగాడు. మగవాళ్లు లేచి, పొలాలకు నీళ్లు తోడే మోటార్ల దగ్గర అన్నారు. అబద్ధం కాదు, వాళ్లు ఏటికి పోయేదే అక్కడికి. కానీ మొసలి రోజూ ఎండకు పడుకునేది మేం బట్టలుతికే బండ పక్కన, తుంగలో. ఏ వేళకు ఒడ్డెక్కుతుందో కూడా మాకు తెలుసు. ముందు వరసలో మామ ఉన్నాడు. నేను అత్త చెవిలో వేశాను.

"బట్టల బండ కాడ అని చెప్పరాదు అత్తమ్మా."

"గింతమంది మగోళ్ల నడుమ నేనేం లేస్తనే? ఇంటికి పోయినంక చెప్త తియ్."

మరిది భార్య నన్ను మోచేత్తో పొడిచింది. "అక్కా, సదువుకున్నదానివి, నువ్వన్న లేవరాదు?"

లేవలేదు. అప్పుడు దాన్ని మర్యాద అనుకున్నాను. ఇప్పుడు పిరికితనం అంటాను. తీర్మానం పుస్తకం మా వైపు వస్తే మిగతావాళ్లు కుడి బొటనవేలి ముద్రలు వేశారు, నేను తెలుగులో చక్కగా సంతకం చేశాను.

జాలీ మోటార్ల దగ్గర వేశారు. మేం అక్కడికే పోయి ఉతుక్కోబోతే, బట్టల పీచు మోటార్లకు చుట్టుకుంటుందని మగవాళ్లు తరిమారు. మళ్లీ బండే గతి అయింది. ఒక పొద్దున అక్కడే మరిది భార్య కుడిచేతిని మొసలి పట్టింది. నలుగురం ఆమె నడుం పట్టుకుని లాగాం. మనిషి దక్కింది. దేవదుర్గ ఆస్పత్రిలో కట్టుకట్టి పంపితే, రాయచూరులో చెయ్యి మోచేతి దాకా తీసేశారు.

మళ్లీ సభ పెట్టారు. ఈసారి మామ ఎదుటే లేచి, బండ దగ్గర అని గట్టిగా చెప్పాను. మామ మొహం తిప్పుకున్నాడు. సారు పుస్తకంలో పాత పేజీ తీసి, నా సంతకం మీద వేలు పెట్టి, ఆ రోజే ఎందుకు చెప్పలేదమ్మా అని నెమ్మదిగానే అడిగాడు. కోపంగా అడిగినా బాగుండేది. ఏమని చెప్పను, మా మామ కూర్చున్నాడనా?

పుస్తకం గోడవారకు వచ్చింది. గుమాస్తా తల ఎత్తకుండానే ఇంకు డబ్బా మరిది భార్య ముందుకు తోశాడు. ఆమె ఎడమ బొటనవేలు చాచి నావైపు తిరిగింది.

"అక్కా, గీ చేతిది చెల్తదా?"