చెప్పుల పక్కన ఎర్ర పెన్సిల్

మా కుట్టు కేంద్రంలో ఎర్ర పెన్సిల్ బల్ల మీద ఉండేది కాదు. గుమ్మం పక్కన, చెప్పులు విడిచే చోట, మేకుకు దారంతో కట్టి వేలాడేది. లాల్‌దర్వాజాలో అద్దెకు తీసుకున్న రెండు గదులు మావి. కేంద్రం పెట్టిన పెద్ద టీచరమ్మే ఆ మేకు తన చేత్తో కొట్టింది. హాజరు పట్టీ రాయడానికి నేను కుదిరిన మొదటి సోమవారం, పెన్సిల్ అక్కడెందుకని అడిగాను.

"పేరు కొట్టెయ్యాలంటే లేచి గుమ్మం దాంక రావాలె. వచ్చినంక చెప్పులు కండ్ల ముందర్నే ఉంటయ్. ఏస్కొని ఆమె ఇంటికి పోయి చూసి రా. అటెన్క కొట్టు," అంది.

ఆరు నెలలు నేర్చుకున్న ఆడవాళ్ళకు చివర్లో ఒక మిషను ఇచ్చి పంపే కేంద్రం మాది. జట్టుకు ఇరవై మంది. వరుసలో వేచి ఉండేవాళ్ళు ఎప్పుడూ అంతకు రెట్టింపు. రాని మనిషి పేరు తీసేసి ఇంకొకరిని పిలవక తప్పదు. ఇరవై ఆరేళ్ళు రాశాను. రిజిస్టర్లు ఇరవై ఐదే మిగిలాయి, ఒకటి వానలో తడిసి ముద్దయింది. పత్తర్‌గట్టిలో కొన్న ఎర్ర పెన్సిళ్ళు మాత్రం నాలుగే అరిగాయి, ఐదోది ఇంకా ఉంది. సగం ఇళ్ళ నుంచి పేరు కొట్టకుండానే తిరిగి వచ్చేదాన్ని మరి. ఒకామె కాలు విరిగి మంచం మీద ఉండేది. ఇంకొకామె అత్త, "అంగీ కుట్టుడు నేర్పిస్తున్రా, చార్మినార్ కట్టుడు నేర్పిస్తున్రా? ఇన్ని నెలలా?" అని నన్నే కసిరింది. కసురుతూనే అల్లం దంచి చాయ్ పెట్టింది. మర్నాడు కోడలు వచ్చింది. ఆ గదుల్లో మిషన్ల చప్పుడు ఎలా ఉండేదో ఇప్పుడు ఎవరికి చెప్పినా తెలియదు. ఉన్న ఆరు మిషన్లకూ ఆరు రకాల చప్పుడు. కళ్ళు మూసుకుని ఏది ఎవరిదో చెప్పేదాన్ని.

పెద్ద టీచరమ్మ పోయాక కేంద్రాన్ని ఒక పెద్ద సంస్థ తీసుకుంది. రిజిస్టర్లు అట్టపెట్టెలో అటకెక్కాయి, ట్యాబ్ వచ్చింది. అందులోని కృత్రిమ మేధ హాజరు చూసి, ఎవరు మానేసినట్టో నెలకోసారి జాబితా ఇస్తుంది. కోఆర్డినేటర్ 'సరే' అని నొక్కితే పేరు పోతుంది, వేచి ఉన్న మనిషికి వెంటనే ఫోన్‌లో కబురు వెళుతుంది. కోఆర్డినేటర్ గుంటూరు వైపు అమ్మాయి. మంచి పిల్ల. నాలుగు కేంద్రాలు ఒక్కతే చూసుకునేది.

ఈ ఏడు బోనాలకు ముందటి శనివారం ఆ పిల్ల జాబితాలోని నాలుగు పేర్లు చదివింది. నేను గుండీలు ఏరుతున్నాను. చివరి పేరు వినగానే నా చెయ్యి ఆగింది.

దబీర్‌పురా నుంచి వచ్చే అమ్మాయి పేరది. ఆమె భర్త ఆటో నడిపేవాడు, అతను చనిపోయి ఆ రోజుకు తొంభై ఎనిమిది రోజులు. భర్త పోయిన ముస్లిం స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇల్లు కదలదు. ఇద్దత్ అంటారు. పాత రిజిస్టర్లో అలాంటివాళ్ళ పేరు పక్కన పెన్సిల్‌తో చిన్న సున్న చుట్టేవాళ్ళం. సున్న ఉన్న పేరు జోలికి ఎవరూ పోయేవారు కాదు. తిరిగి వచ్చాక ఆగిన చోటి నుంచే పాఠం మొదలయ్యేది.

"ఆమెను పోయి చూసినవా అమ్మా?" అన్నాను.

"చూడక్కర్లేదండీ. మూడు నెలలుగా ఒక్కరోజూ రాలేదు. మానేసినట్టేనని తొంభై మూడు శాతం చూపిస్తోంది."

"మిగిలిన ఏడు ఎవరింట్ల ఉన్నయ్?"

ఆ పిల్ల నవ్వింది. నేను సంగతి చెప్పాను. నవ్వు ఆగిపోయింది.

"మీకు ముందే తెలుసా అమ్మగారూ? మరి నాకు చెప్పలేదేమండీ?"

తెలుసు. ఆ అమ్మాయి పొరుగామె వచ్చి చెప్పిన రోజే నా డైరీలో సున్న చుట్టుకున్నాను. కానీ ట్యాబ్‌లోకి ఎక్కించేటప్పుడు పేరు, వయసు, వచ్చిన రోజులు మాత్రమే అడిగారు. సున్నకు గడి లేదు. అడగనిది నేనెందుకు చెప్పాలని బిగుసుకున్నాను. నా రిజిస్టర్లను అటకెక్కించిన కోపం అది. యంత్రానికి ఇద్దత్ తెలియదు. తెలిసిన నేను నోరు విప్పలేదు. ఇంకో నిమిషం ఆలస్యమైతే నా కోపానికి ఆమె మిషను పోయేది.

"పోనీలెండి, మీరు చెప్పారుగా. ఆవిడ పేరు ఉంచేస్తాను."

"నా మాట మీద ఉంచకు. నేను గూడ తప్పు చెప్తనేమో. చెప్పులేస్కో. జాబితా ఐదింటికి పోవాలె గదా, ఇప్పుడు రెండున్నర."

మొదటి ఇంటికి తాళం. ఊరే మారిపోయారని పక్కింటివాళ్ళు చెప్పారు. రెండో ఆమెకు దుకాణంలో పని దొరికింది. మూడో ఆమె ఇక రానని తనే అంది. యంత్రం ఆ మూడూ సరిగ్గానే చెప్పింది, అదీ రాసుకున్నాను. దబీర్‌పురా స్టేషన్ దగ్గర ఆటో దిగేసరికి నాలుగూ పది.

పరదా తొలగించి లోపలికి పిలిచింది ఆ అమ్మాయి.

"ఖాలా, మీరే వచ్చిన్రా? నా పేరు తీసేసిన్రు గదా?"

"ఎవరన్నరు?"

"ఎవరనలే. రోజూ గదే ఫికర్."

దిండు కింది నుంచి ఒక సంచి తీసింది. పాత చీర ముక్కలతో కుట్టిన జాకెట్టు చేతులు, పదకొండు. మిషను లేదు కనుక అన్నీ సూదితోనే. తను విన్న ఆఖరి పాఠం అదే, మరిచిపోతానేమోనని కుడుతూ కూర్చుందట. నేను టేపు తీసి కొలిచాను. రెండింటికి చంక వంపు పావు అంగుళం తక్కువైంది. చెప్పాను.

"యా అల్లా, పరామర్శకొచ్చి గూడ తప్పులు తీస్తరా ఖాలా!" అని నవ్వింది.

కోఆర్డినేటర్ ఆ చేతుల్ని ఒక్కొక్కటిగా తిప్పి చూస్తూ, ఇంకా ఎన్ని రోజులని అడిగింది. ముప్పై రెండు అన్నాను నేను.

"కాదు ఖాలా, ముప్పై. మాది చాంద్ లెక్క," అంది ఆ అమ్మాయి. చంద్రుణ్ణి బట్టి నెలలు లెక్కిస్తే రెండు రోజులు తగ్గుతాయి.

నా లెక్క ఎవరైనా దిద్దితే నాకు నచ్చదు. అయినా డైరీలో ముప్పై రెండు కొట్టేసి ముప్పై వేశాను. కోఆర్డినేటర్ ఆ గుమ్మంలోనే నిలబడి మూడు పేర్లకు 'సరే' నొక్కింది. నాలుగో పేరు ఉంచేసింది. అప్పటికి టైము ఐదుకు పది నిమిషాలు తక్కువ.

తర్వాతి నెలకల్లా పై వాళ్ళతో వాదించి ట్యాబ్‌లో రెండు గడులు పెట్టించింది. రాకపోవడానికి కారణం ఒకటి, ఇంటికి వెళ్ళి చూసిన మనిషి పేరు ఒకటి. అవి నింపకపోతే 'సరే' పనిచేయదు. ట్యాబ్ ఛార్జింగ్‌ను కూడా బల్ల మీద నుంచి గుమ్మం పక్కకు మార్చింది.

"అక్కడ ప్లగ్గు లేదు గదమ్మా."

"వైరు లాగించానండీ."

తను చెప్పిన లెక్క ప్రకారమే దబీర్‌పురా అమ్మాయి వచ్చింది. మేకు కింద చెప్పులు విడిచి, హాజరు కూడా వేయించుకోకుండా, వంపు తక్కువైన ఆ రెండు జాకెట్టు చేతులూ విప్పదీసి మళ్ళీ కుట్టి తెచ్చి నా ముందు పెట్టింది. కొలిచాను. సరిపోయాయి.